జ్వరం తగ్గిన రోజు

పిల్లల నర్సింగులో పై డిగ్రీకి చేరినప్పుడు ఆ చదువేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

"నర్సు సదువు అయిపోయినాది గదా, మళ్ళా ఏమి నర్సు సదువు?" అని అమ్మ అడిగింది. అమ్మ తమిళనాడులో మా ఊరు రాజపాళయం పక్కనే బ్యాండేజీ గుడ్డ నేసే చోట మగ్గం దగ్గర పని చేసేది. తన చేతి మీదుగా పోయే గుడ్డ చివరికి చేరేది మాలాంటి వాళ్ళ దగ్గరికే కాబట్టి, నర్సు ఉద్యోగమంటే ఆమెకు బాగా తెలిసిన పనే అనిపించేది.

"పెద్దవాళ్ళకు చేసేది వేరే, పిల్లలకు చేసేది వేరే అమ్మా" అన్నాను.

"పిల్లలకు సూది చిన్నదిగా ఉంటాదా?"

నేను నవ్వాను. ఆ సూదంటేనే నాకు భయమని ఆమెకు చెప్పలేదు. అంతకు ముందు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పెద్దవాళ్ళ వార్డులో పని చేశాను. అక్కడ ఎంత లావుపాటి మనిషికైనా నరం దొరకబుచ్చుకునేదాన్ని. పసిబిడ్డ చెయ్యి పట్టుకుంటే మాత్రం నా వేళ్ళు నా మాట వినేవి కావు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, నరం ఎక్కడో లోపలికి జారిపోతుంది. అలాంటి నేను పిల్లల నర్సింగు ఎందుకు తీసుకున్నానంటే, సీటు అందులోనే దొరికింది. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

మాకు పాఠం చెప్పే మేడం నాగర్‌కోయిల్ వైపు మనిషి. ఆమె మొదటి క్లాసులోనే ఒక మాట చెప్పింది. పెద్దవాళ్ళు ఒంట్లో బాగా లేకపోతే నెమ్మదిగా దిగజారతారు, పిల్లలు అలా కాదు, చివరిదాకా నిలబెట్టుకుని వస్తారు, తరవాత ఒక్కసారిగా పడిపోతారు అంది. "అందుకే బిడ్డ మంచం దగ్గరికి వెళ్ళినప్పుడు ముఖం చూసి ముచ్చటపడకండి. ముందు కాళ్ళు పట్టుకోండి" అనేది. మేము క్లాసు బయట దాన్ని హాస్యానికి వాడుకునేవాళ్ళం. ఎవరైనా అలిగితే "కాళ్ళు పట్టుకో, మేడం చెప్పింది గదా" అనుకునేవాళ్ళం.

ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష మా ఊరి ఆస్పత్రిలోనే పడింది. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు కాస్త తెరిపిచ్చిన రోజులు. వార్డు నిండా డెంగీ పిల్లలు. ఒక్కో మంచానికి ఒక దోమతెర, దాని లోపల ఒక బిడ్డ, పక్కన నేల మీద చాప పరుచుకుని ఒక అమ్మో అవ్వో. పరీక్షలో ఒక్కొక్కరికి ఒక బిడ్డను ఇస్తారు. ఆ బిడ్డను పొద్దున్నించీ మనమే చూసుకోవాలి. తరవాత బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, మా మేడం కలిసి మంచం దగ్గరికి వస్తారు. బిడ్డ రోగం గురించి, పెరుగుదల గురించి, మనం చేసిన సేవ గురించి అడుగుతారు. ఏదో ఒక పని చేసి చూపించమంటారు.

నాకు వచ్చిన బిడ్డ చోళపురం నుంచి వచ్చిన పాప, ఒకటో రెండో తరగతి చదువుతున్నది. డెంగీ అని తేలింది. కొన్ని రోజులుగా కాగిపోయిన ఒళ్ళు ఆ తెల్లవారుజామునే చల్లబడింది. పాప పక్కన వాళ్ళ అవ్వ ఉంది, నాయన తల్లి. మా తెలుగే మాట్లాడే మనిషి. ఆ వార్డులో అందరితో తమిళంలో మాట్లాడి మాట్లాడి, నా నోట తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది.

"జ్వరము ఇడిసిపోయినాది పాపా. ఒళ్ళు ఎట్ల సల్లగా ఉండాదో తొట్టు చూడు" అంటూ నా చెయ్యి పట్టి పాప నుదుటి మీద పెట్టింది.

"ఇంకా ఒక రోజు చూడాల అవ్వా. ఈ జ్వరములో కాక తగ్గినాంకనే జాగ్రత్తగా ఉండాల."

"జ్వరము ఉంటే కష్టము అంటారు, పోతే కష్టము అంటారు. మీ ఆస్పత్రోళ్ళకి ఏమి ఉంటే దాన్ సరి?"

మా తెలుగులో ఒత్తి చెప్పాలంటే తమిళపు 'దాన్' ఇలా దొర్లుతుంది. ఆమె కోపంగా అనలేదు. ఆమె తొందర ఆమెది. మర్నాడు వాళ్ళింట్లో చిన్న మనవరాలికి చెవులు కుట్టే వేడుక, పాప తల్లి ఆ పనుల మీద ఇంటి దగ్గరే ఉండిపోయింది. సేత్తూరు నుంచి, మంసాపురం నుంచి చుట్టాలు అప్పటికే దిగారట. పొద్దున రౌండ్సుకు వచ్చిన డాక్టరు ఇవాళ పంపడం కుదరదని చెప్పి వెళ్ళాడు. అయినా అవ్వ క్యారియరు కడిగి మూతపెట్టి, దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని కూర్చుంది. పాప చేతికి ఉన్న డ్రిప్పు సూది వాచిందని పొద్దునే తీసేశారు. కొత్తది అవ్వ పెట్టనివ్వలేదు. నోటితో తాగుతున్నది గదా అని నర్సులు కూడా ఊరుకున్నారు.

పాపకు నేనొక చేతిబొమ్మ తీసుకెళ్ళాను. ఆటవస్తువు ఒకటి చేసి తీసుకురావాలని మా పరీక్షలో నియమం. అమ్మ తెచ్చిన బ్యాండేజీ గుడ్డతో కుందేలు కుట్టాను. చెవులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చాయి. పాప దాన్ని చేతికి తొడుక్కుని, అవ్వ ముక్కును కొరికించింది. అవ్వ "ఐయో, ఐయో" అంటూ నటించింది. బీపీ చూశాను, బాగానే ఉంది. మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాను. పరీక్ష సజావుగా పోతుందనే అనుకున్నాను.

పాప నాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో హెల్మెట్టు. సంచి సర్దిపెట్టి ఉండటం చూసి "పోదామా?" అని తల్లిని అడిగాడు. డాక్టరు పంపనన్నాడని నేను చెప్పాను. అతను నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"నువ్వు ఏ వీధి పిల్లవు?"

చెప్పాను. మా వీధి పేరు చెబితే మా ఊళ్ళో ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మా అవ్వ తరంలో మా వీధి ఆడవాళ్ళంతా అతనిలాంటి భూములున్న వాళ్ళ మామిడితోటల్లో కూలికి పోయినవాళ్ళే. అతను తల ఊపాడు. ఆ ఊపులో మర్యాద తక్కువేమీ లేదు. కానీ ఆ తరవాత నా మాటలు అతను వినడం మానేశాడని నాకు తెలిసింది.

"సదువుకునే పిల్లవు గదా. పెద్ద నర్సుతో నేను మాట్లాడుకుంటాను" అని బయటికి వెళ్ళాడు.

అప్పటికే ఎగ్జామినరు పక్క మంచం దగ్గర ఉంది. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టును గట్టిగా ముడి వేసుకున్న మనిషి. నా స్నేహితురాలిని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నది. ఆ పిల్ల చెప్పిన జవాబే మళ్ళీ మొదటినుంచి చెబుతున్నది. తరవాత నా వంతు.

ఆమె తమిళమూ ఇంగ్లీషూ కలిపి అడిగింది. ఈ వయసు బిడ్డ ఏమేం చేయగలగాలి? టీకాలు ఏవి పడ్డాయి? ఆస్పత్రిలో ఉండటం ఈ వయసు బిడ్డకు ఎలా అనిపిస్తుంది? నేను జవాబులు చెబుతున్నాను. నేర్చుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తున్నాయి. మా మేడం ఆమె వెనక నిలబడి, నేను సరిగ్గా చెప్పినప్పుడల్లా కళ్ళతో ఔనంటున్నది.

"ఆటతో బిడ్డను ఎలా మచ్చిక చేసుకుంటావో చూపించు" అంది ఎగ్జామినరు.

నేను కుందేలును చేతికి తొడుక్కుని పాప వైపు తిరిగాను. పాప దాన్ని తోసేసింది. మళ్ళీ దగ్గరికి తీసుకెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. "కడుపు నొస్తాది" అని గొణిగింది. అవ్వ "ఆకలేమో, ఇడ్లీ వద్దన్నాది" అంది.

"బిడ్డ సహకరించకపోతే ఏం చేస్తావు?" ఎగ్జామినరు అడిగింది.

నాకు జవాబు తెలుసు. నోరు తెరిచాను కూడా. కానీ నా చెయ్యి అప్పటికే దోమతెర కిందుగా పాప పాదం మీద ఉంది. పాదం చల్లగా ఉంది. జ్వరం దిగినప్పటి చల్లదనం కాదు, తడిచేత్తో ముట్టుకున్న ఇనుము లాంటి చల్లదనం. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరుకు ఎరుపు రావడానికి ఆలస్యమైంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే.

"నేను అడిగింది విన్నావా?"

"విన్నాను మేడం." బీపీ పట్టీ పాప చేతికి చుట్టాను. ఆ పనిని ఆమె అడగలేదు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య పొద్దున ఉన్న దూరం ఇప్పుడు లేదు. రెండూ దగ్గరికి వచ్చేశాయి. డెంగీలో జ్వరం దిగాక నెత్తురులోని నీరు నరాల్లోంచి బయటికి ఊరిపోతుంది. మనిషి తెలివితోనే ఉంటాడు, మాట్లాడతాడు, లోపల మాత్రం నరాలు ఖాళీ అవుతుంటాయి. ఇది మేడం మాకు చెప్పి చెప్పి అలిసిపోయిన పాఠం. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక పేరా. ఇప్పుడు నా చేతి కింద చెమటపట్టి చల్లబడిన ఒక కాలు.

నా మనసులో రెండు మాటలు కొట్టుకున్నాయి. చెబితే, పొరపాటైతే, పరీక్ష మధ్యలో నాటకమాడింది అంటారు. చెప్పకపోతే? ఆ రెండో దాన్ని చివరిదాకా ఆలోచించలేకపోయాను.

"మేడం, పరీక్ష ఆపాలి" అన్నాను.

మా మేడం ముఖంలో రంగు మారింది.

"ఎందుకు?" ఎగ్జామినరు గొంతు పెరగలేదు.

చెప్పాను. కాళ్ళు, గోరు, బీపీ, కడుపునొప్పి, పొద్దున ఆడిన బిడ్డ ఇప్పుడు ఆడకపోవడం. ఏ వరసలో చెప్పానో నాకే తెలియదు. ఆమె మధ్యలో ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక వంగి పాప రెండు పాదాలూ పట్టుకుంది. చాలాసేపు పట్టుకున్నట్టు నాకు అనిపించింది. లేచి మా మేడం వైపు చూసి, తరవాత నాతో, "వెళ్ళి డ్యూటీ సిస్టరుకు చెప్పు. నడిచి వెళ్ళు. పరిగెత్తితే వార్డంతా బెదిరిపోతుంది" అంది.

నడిచాను. ఆ వరండా అంత పొడుగు ఉందని అంతకు ముందు నాకు తెలియదు.

డాక్టరు కాన్పుల వార్డులో ఉన్నాడు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడవలేదట, కదిలి రాలేని పరిస్థితి. డ్యూటీ సిస్టరు ఫోనులో చెప్పింది. డ్రిప్పు మొదలుపెట్టండి, వస్తున్నాను అన్నాడు. సిస్టరు ట్రే పట్టుకుని వచ్చేసరికి పాప నాయన కూడా వచ్చాడు. మంచం చుట్టూ ఇంతమంది ఎందుకున్నారో అతనికి అర్థం కాలేదు. ట్రేలో సూది చూడగానే ముఖం బిగుసుకుంది.

"జ్వరము లేని బిడ్డకు మళ్ళా ఏమిటికి సూది? ఒక చెయ్యి వాచిపోయినాది సాలదా? మీ పరీక్షకి నా బిడ్డ దాన్ దొరికినాదా?"

అతను దోమతెర పైకెత్తి పాప వీపు కింద చెయ్యి పెట్టాడు. పాప తల అతని భుజం మీద వాలింది. అవ్వ సంచి అందుకుంది. ఎగ్జామినరు తమిళంలో ఏదో చెప్పబోయింది. అతను వినే స్థితిలో లేడు. వాళ్ళు వార్డు గుమ్మం దాటితే ఆపడానికి మా దగ్గర ఏమీ లేదు.

"అన్నా" అన్నాను. "తీసుకొని పోండి, వద్దనను. పోయేకి ముందు ఒక్క పని చెయ్యండి. పాప కాలు పట్టుకోండి."

అతను కదల్లేదు. నేనే అతని చెయ్యి పట్టుకుని పాప పాదం మీద పెట్టాను. ఆ వీధి పిల్ల అతని చెయ్యి పట్టుకోవడం అతనికి ఎలా ఉందో నాకు తెలియదు. ఆ నిమిషంలో నాకు ఆ ఆలోచన రాలేదు, తరవాత వచ్చింది.

"ఇప్పుడు మీ కాలు మీరు పట్టి చూడండి" అన్నాను. "నిద్ర పోయే బిడ్డ కాలు ఇట్ల ఉండదు అన్నా. జ్వరము పోలేదు. లోపలికి పోయినాది."

డాక్టర్లు వింటే ఒప్పుకునే మాట కాదది. కానీ నాకు అప్పుడు దొరికిన తెలుగు అదే. అతను పాదం వదల్లేదు. రెండో పాదం కూడా తడిమాడు. అవ్వ పక్కనుంచి చెయ్యి పెట్టి చూసి, సంచి జారవిడిచి నేల మీద కూర్చుండిపోయింది.

"సల్లగా ఉండాది, సల్లగా ఉండాది అని పొద్దున్నించి నేనే సంతోషపడితినే" అంది.

అతను పాపను మంచం మీద పడుకోబెట్టి, "సెయ్యండి" అన్నాడు.

సిస్టరు ట్రే నా చేతిలో పెట్టి తాను సెలైను సీసా కడుతున్నది. పాప వాపు లేని చెయ్యి పట్టుకున్నాను. నరాలు దారాల్లా అణగిపోయి ఉన్నాయి. ఒకటి దొరికిందనుకుని గుచ్చాను. నెత్తురు రాలేదు. పాప గట్టిగా ఏడవలేదు, మూలిగింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏడ్చే బిడ్డను చూసి వణికే నేను ఆ రోజు ఏడవమ్మా, గట్టిగా ఏడువు అని లోపల అనుకున్నాను. ఇంకోసారి గుచ్చడానికి నాకు ధైర్యం చాలలేదు. "అక్కా, మీరు చెయ్యండి" అన్నాను. సిస్టరు అదే చెయ్యి తిప్పి, మణికట్టు దగ్గర నరం పట్టేసింది. నేను పాప మోచెయ్యి కదలకుండా పట్టుకున్నాను. ఆ రోజు సూది విషయంలో నేను చేసిన సాయం అంతే.

డాక్టరు వచ్చాడు. సెలైను వేగంగా ఎక్కించమన్నాడు. నేను పాదాల దగ్గరే కూర్చున్నాను, గోరు నొక్కి వదులుతూ. కొంతసేపటికి కాస్త వెచ్చబడ్డాయి. అవ్వ ముఖంలోకి ప్రాణం వచ్చింది. కానీ అది నిలవలేదు. మళ్ళీ చల్లబడ్డాయి. పాప ఊపిరి పైపైన తీయసాగింది. డాక్టరు ఇంక ఇక్కడ ఉంచకూడదు, మదురైకి పంపాలి, అక్కడ పిల్లల ఐసీయూ ఉంది అన్నాడు.

అంబులెన్సు వచ్చింది. డ్యూటీ సిస్టరు తోడు వెళుతున్నది. స్ట్రెచరు పక్కన నడుస్తూ పాప నాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు రా సిస్టరు."

అంతవరకు అతను నన్ను సిస్టరు అనలేదు. నేను ఎగ్జామినరు వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. విద్యార్థులు అంబులెన్సులో పోకూడదు, అది నియమం. "నన్ను పంపరు అన్నా. ఈ అక్క నాకంటే బాగా చూస్తాది" అన్నాను. అతను పాప పక్కన ఎక్కి కూర్చున్నాడు. తలుపు మూసుకుంది.

అవ్వ ఒక్కతే వార్డులో మిగిలింది. సంచి, క్యారియరు, హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని ఖాళీ మంచం పక్కన కూర్చుంది. ఆమెను తీసుకెళ్ళడానికి చోళపురం నుంచి ఎవరో రావాలి. నేను ఆమె దగ్గర కూర్చోబోతుంటే ఎగ్జామినరు పిలిచింది.

"నీ పరీక్ష అవలేదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు.

"మేడం, నా పేషెంటు వెళ్ళిపోయింది."

"తెలుసు. అంబులెన్సులో ఉన్న బిడ్డకు ఇప్పుడు ఏం జరగవచ్చో చెప్పు. మదురైలో ఏం చేస్తారో చెప్పు. ఇక్కడ మనం ఏం మరిచిపోయామో చెప్పు."

చెప్పాను. మధ్యలో నేను ఆగిపోతే ఆమె కిటికీ బయటికి చూస్తూ ఆగింది, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా. సూది తప్పినందుకు మార్కులు తీసింది. పొద్దున వాచిన సూది తీసినప్పుడు కొత్తది పెట్టాలని నేనెందుకు పట్టుబట్టలేదని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "ఆ జవాబు లేకపోవడాన్ని గుర్తుపెట్టుకో" అంది. పొగడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి తీసింది.

సాయంత్రం డ్యూటీ సిస్టరు బస్సులో తిరిగి వచ్చింది. పాపను ప్రాణంతో అప్పగించానని, ఐసీయూలోకి తీసుకెళ్ళారని చెప్పింది. అంతకు మించి ఆమెకూ తెలియదు.

ఆ తరవాతి రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. మదురైకి ఫోను చేసి అడిగే హక్కు నాకు లేదు. వాళ్ళ నంబరు నా దగ్గర లేదు. మా వీధి చివర చోళపురం బస్సు ఆగుతుంది. అది వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళ ముఖాలు చూసేదాన్ని, ఎవరి ముఖంలోనైనా కబురు రాసి ఉంటుందేమోనని. అమ్మ ఒకరోజు "మగ్గం దగ్గర చోళపురం ఆడది ఒకతి ఉండాది, అడగనా?" అంది. వద్దన్నాను. వినకూడని మాట వినాల్సి వస్తుందేమోనని భయం. ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను, గొప్ప మార్కులేమీ కావు. అమ్మ వీధి అంతా చెప్పుకుంది. నాకు మనసు సంతోషపడటానికి ఒప్పుకోలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక, ఒక పొద్దున పాత బస్టాండులో నిలబడి ఉన్నాను. పిల్లల వార్డులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు శ్రీవిల్లిపుత్తూరు పోతున్నాను. వెనకనుంచి ఎవరో "పాపా, ఏ పాపా" అని పిలిచారు. ఆ అవ్వ. ఆమె చెయ్యి పట్టుకుని పాప, బడి యూనిఫారంలో. జుట్టు కొంచెం పలచబడింది, మెడ సన్నబడింది, అంతే.

అవ్వే చెప్పుకుంటూ పోయింది. అక్కడ నెత్తురు ఎక్కించారు, ఊపిరికి గొట్టం పెట్టారు, వారం పైన ఐసీయూలో ఉంది, ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

"మావాడు ఆస్పత్రికి వచ్చి నిన్ను అడిగినాడు. సదువు ముగించుకొని పోయినావంట. నీ పేరు దాన్ అడగలేదే అని నొచ్చుకొన్నాడు" అంది. పాప వైపు తిరిగి, "ఇదిగో, ఈ అక్క దాన్ నిన్ను చూసింది. వణక్కము చెప్పు" అంది.

పాప అవ్వ చీర వెనక్కి పోయింది. చీరకుచ్చిళ్ళ పక్కనుంచి ఒక కన్ను మాత్రం కనిపించింది.

"ఈ అక్క సూది గుచ్చే అక్క" అంది. "సరిగ్గా గుచ్చలేదు గూడా."

అవ్వ "ఒసే" అని నెత్తి మీద మెల్లగా తట్టింది. నేను నవ్వాను. నవ్వుతుంటే కళ్ళు మండాయి. పాప చెప్పింది నిజమే, సరిగ్గా గుచ్చలేదు. ఆ తరవాత నేర్చుకున్నాను.

వాళ్ళ బస్సు వచ్చింది. అవ్వ పాపను ఎత్తుకోబోతే పాప ఒప్పుకోలేదు, తానే మెట్లెక్కి కిటికీ పక్క సీటు పట్టింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా వైపు చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నేనూ వెక్కిరించాను. ఇంటర్వ్యూకని ఇస్త్రీ చీర కట్టుకుని అలా నాలుక చాపిన నన్ను పక్కనున్న పూలమ్మే ఆమె వింతగా చూసింది.